మోటార్ సైకిల్ ని విప్పి బిగించిన జి.డి. నాయుడు గారు



మన గోడ పత్రికలో ప్రతిసారి ఒక గొప్పవారి జీవితం రాస్తున్నాం. గాంధీ గారు అయ్యారు, అంబేద్కర్ గారు అయ్యారు, మన కొమురం భీం అయ్యారు. ఈసారి నేను రాసే ఆయన యుద్ధం చెయ్యలేదు, జైలుకి పోలేదు. ఒకరు వాడిన మోటార్ సైకిల్ కొన్నాడు. దాన్ని ఒక్కో ముక్కా విప్పాడు. మళ్ళీ బిగించాడు. అంతే. కానీ అక్కడి నుంచే ఆయన జీవితం మొదలయింది. ఆయన పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. అందరూ జి.డి. నాయుడు అంటారు.

ఆయన ఉన్నది తమిళనాడులో కోయంబత్తూరు. కానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఎప్పుడో పాతకాలంలో తెలుగు దేశం నుంచి అటు పోయి స్థిరపడిన రైతు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. వాళ్ళలో ఒక ఇంటి పిల్లవాడు ఈయన. మనం ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో తెలుగు చదువుతాం కదా, ఆయన ఇంట్లో తెలుగు మాట్లాడి, బయట తమిళం నేర్చుకున్నాడు.

బాల్యం

నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెటూరులో పుట్టారు. నాన్న వ్యవసాయం చేసేవారు. పసితనంలోనే తల్లి చనిపోయింది. మేనమామ ఇంట్లో పెరిగాడు.

బడి అంటే ఆ పిల్లవాడికి అస్సలు పడేది కాదు. పలక పట్టుకొని కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. పంతులు మీద ఇసుక చల్లి పారిపోయాడని ఆయన గురించి రాసినవాళ్ళు చెప్తారు. (మేడమ్ గారూ, ఆయన దగ్గర మేము నేర్చుకునేది ఇది కాదు.) రెండు మూడు తరగతులతోనే బడి చదువు ఆగిపోయింది. తర్వాత పొలం పనికి పోయాడు. కానీ పొలంలో ఉన్నా చదవడం మాత్రం మానలేదు. తమిళ పుస్తకాలు దొరికినవి దొరికినట్టు చదివేవాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని గురించి చెప్పాలి.

ఎడ్లు లేని బండి

అప్పట్లో ఆ పల్లెల్లో బండి అంటే ఎడ్లబండి, గుర్రబ్బండి. ఒక రోజు ఆ కుర్రవాడు వింత చూశాడు. లాంక్ షైర్ అనే తెల్లదొర, రెవెన్యూ ఆఫీసరు, ఒక మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఎడ్లు లేవు, గుర్రం లేదు, తొక్కుతున్నట్టు కూడా లేదు. బండి దానంతట అదే పోతున్నది.

అది 1912 నాటి రడ్జ్ మోటార్ సైకిల్. ఇంగ్లండులో కోవెంట్రీ అనే ఊళ్ళో రడ్జ్ విట్‌వర్త్ అనే కంపెనీ చేసింది. ఆ కంపెనీ ముందు సైకిళ్ళు చేసేది. 1911 నుంచి మోటార్ సైకిళ్ళు అమ్మింది. వాటికి ఒకటే సిలిండర్. 499 సీసీ ఇంజన్. మూడున్నర హార్స్ పవర్ అని రాసేవాళ్ళు. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే బండ్లలాగా బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యేవి కావు ఆ రోజుల బండ్లు. పెడళ్ళు తొక్కి గానీ, తోసుకుంటూ పరుగెత్తి గానీ స్టార్ట్ చెయ్యాలి. చాలా వాటికి గొలుసు బదులు బెల్టు ఉండేది. ఇంజన్ కి ఆయిలు కూడా నడిపేవాడే మధ్య మధ్యలో చేతి పంపుతో కొట్టాలి. మర్చిపోతే ఇంజన్ పట్టేస్తుంది.

చూసినవాళ్ళంతా ఆశ్చర్యపోయి ఇంటికి పోయి ఉంటారు. ఈయన మాత్రం ఆ బండి కావాలనుకున్నాడు. ఎక్కి తిరగడానికి కాదు. అది ఎట్లా నడుస్తుందో లోపల చూడడానికి.

చేతిలో డబ్బు లేదు. కోయంబత్తూరుకి పోయి ఒక హోటల్లో సర్వర్ గా చేరాడు. బల్లలు తుడిచాడు, ఇడ్లీలు, కాఫీలు అందించాడు. వచ్చిన జీతం రూపాయి రూపాయి దాచాడు. మూడు నాలుగు వందలు పోగు చెయ్యడానికి ఏండ్లు పట్టింది. ఆ రోజుల్లో అది మస్తు డబ్బు. ఆ డబ్బు తీసుకొని పోయి ఆ దొర దగ్గరే ఆ బండి కొన్నాడు.

ఇంటికి తెచ్చి ఏం చేశాడు? విప్పాడు! ఏండ్ల కష్టం అంతా నేల మీద ముక్కలుగా పరిచి కూర్చున్నాడు. మళ్ళీ కలపకపోతే అది ఇనప సామాను కింద పోతుంది. ఆ ధైర్యమే నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్దదిగా కనిపించింది.

ఇంజన్ లోపల ఏముంటుంది

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పాలి. లేకపోతే ఆయన చేసింది ఎంత కష్టమో తెలియదు. నేను సెలవుల్లో మా ఊరి మలుపు దగ్గర ఉన్న బండ్ల షెడ్డులో ఒక పాత బుల్లెట్ విప్పుతుంటే రెండు రోజులు కూర్చొని చూశాను. రడ్జ్ కూడా, బుల్లెట్ కూడా ఒకే సిలిండర్ ఉన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్లే. అందుకని కొంత అర్థమయింది.

పండగకి మనం వెదురు పిచికారి చేస్తాం కదా. వెదురు గొట్టంలో పుల్ల ఉంటుంది. పుల్ల చివర గుడ్డ చుడతాం. వెనక్కి లాగితే నీళ్ళు వస్తాయి, ముందుకి తోస్తే చిమ్ముతాయి. ఇంజన్ లో ఆ గొట్టమే సిలిండర్. ఆ పుల్లే పిస్టన్. చుట్టిన గుడ్డ బదులు ఇనప రింగులు ఉంటాయి. గుడ్డ వదులైతే నీళ్ళు వెనక్కి కారినట్టే, రింగులు అరిగితే ఇంజన్ లో బలం పోతుంది, పొగ వస్తుంది.

పిస్టన్ నాలుగు పనులు చేస్తుంది. మొదట కిందికి దిగి గాలి, పెట్రోలు కలిసిన ఆవిరిని పీల్చుకుంటుంది. రెండోసారి పైకి వచ్చి దాన్ని గట్టిగా నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడుతుంది, అది మండి పిస్టన్ ని కిందికి తోస్తుంది. ఇది మూడోది. బండిని నడిపించే బలం ఇదొక్కటే. నాలుగోసారి పైకి వచ్చి పొగని బయటికి పంపుతుంది. పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం. ఇట్లా నిమిషానికి వందల సార్లు జరుగుతుంది.

గాలి లోపలికి రావడానికి ఒక తలుపు, పొగ బయటికి పోవడానికి ఇంకో తలుపు ఉంటాయి. వాటిని వాల్వులు అంటారు. ఏ తలుపు ఎప్పుడు తెరవాలి, నిప్పురవ్వ ఎప్పుడు పడాలి అన్నది పళ్ళ చక్రాలు చూసుకుంటాయి. పిస్టన్ పైకి చేరడానికి కొంచెం ముందే రవ్వ పడాలి. చక్రం ఒక్క పన్ను తప్పి బిగిస్తే ఇంజన్ స్టార్ట్ కాదు. ముక్కలన్నీ ఉన్నా, నట్లన్నీ బిగించినా స్టార్ట్ కాదు. అందుకని విప్పే ముందే గుర్తు పెట్టుకోవాలి. విప్పడం కంటే గుర్తు పెట్టుకోవడమే పెద్ద పని.

ఇంట్లో చేసుకునే పనిముట్లు

పట్నంలో పెద్ద షెడ్డుల్లో ప్రతి పనికి ఒక పనిముట్టు ఉంటుంది. పల్లెలో అవి ఉండవు. మా ఊరి షెడ్డులో మేస్త్రీ వాడేవి సగం ఆయన చేసుకున్నవే. నేను చూసినవి రాస్తున్నాను.

1. ఒక అట్టముక్క మీద ఇంజన్ మూత బొమ్మ గీస్తాడు. బోల్టు ఎక్కడ ఉందో అక్కడే అట్టకి చిల్లు పెట్టి ఆ బోల్టు గుచ్చుతాడు. బోల్టులు పొడవు పొట్టి ఉంటాయి కాబట్టి ఏది ఎక్కడిదో తప్పిపోదు.

2. వాల్వుకి గట్టి స్ప్రింగు ఉంటుంది. చేత్తో నొక్కితే వదిలి ముఖం మీదికి ఎగురుతుంది. దానికోసం ఒక ఇనప పట్టీని కమ్మరి కొలిమిలో కాల్చి, చివర రెండు కొనలుగా వంచి పెట్టుకున్నాడు. పంగలకర్ర లాగా ఉంటుంది. అది ఆనించి నొక్కితే స్ప్రింగు దిగుతుంది, కింద ఉన్న పిన్ను తియ్యొచ్చు.

3. పిస్టన్ రింగులు పెళుసు. లాగితే విరుగుతాయి. ఆయిలు డబ్బా రేకుని సన్నగా కత్తిరించి మూడు ముక్కలు రింగు కింద దూర్చి, ఆ ముక్కల మీదుగా జార్చి తీస్తాడు.

4. రెండు ఇనప భాగాల మధ్య ఆయిలు కారకుండా ప్యాకింగ్ వెయ్యాలి. మందం కాగితాన్ని ఆ అంచు మీద పెట్టి సుత్తితో మెల్లగా తడితే అంచు అచ్చు పడుతుంది. దాని వెంబడి కత్తిరిస్తే సరిపోతుంది.

5. వాల్వు సరిగ్గా కూర్చోకపోతే, నూరే పేస్టు రాసి అటూ ఇటూ తిప్పుతూ నూరుతాడు. సరిగ్గా కూర్చుందో లేదో చూడడానికి పైన కొంచెం పెట్రోలు పోస్తాడు. కింద చుక్క కారకపోతే పని అయినట్టు.

ఇవి చూస్తుంటే నాకు మా నాన్న బాణం చేసుకోవడం గుర్తొచ్చింది. కొలత బద్ద ఉండదు, కన్నుతోనే కొలుస్తాడు. వంకర ఉంటే నిప్పు సెగ చూపించి సరిచేస్తాడు. మా అమ్మ చేపల బుట్ట అల్లితే బద్దకి బద్దకి మధ్య సందు ఒకటే ఉంటుంది. వాళ్ళకి అక్షరాలు రావు. కానీ చేతికి లెక్క వచ్చు. ఇంజన్ పని కూడా అట్లాంటి లెక్కే అని నాకు అనిపించింది.

నాయుడు గారికి చెప్పే మేస్త్రీ లేడు. ఆ చుట్టుపక్కల మోటార్ సైకిల్ అన్నదే కొత్త. అయినా ఆయన ఆ రడ్జ్ ని విప్పాడు, చూశాడు, మళ్ళీ కలిపాడు. కలిపిన తర్వాత మెకానిక్ అయ్యాడు. ఆ రడ్జ్ బండిని పారెయ్యలేదు. కోయంబత్తూరులో ఆయన పేరు మీద ఉన్న మ్యూజియంలో దాన్ని దాచిపెట్టారు. దాన్ని చేసిన రడ్జ్ కంపెనీ మాత్రం రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో మోటార్ సైకిళ్ళు చెయ్యడం ఆపేసింది.

నష్టపోయి మళ్ళీ లేవడం

తర్వాత అంతా సుఖంగా జరిగింది అనుకోవద్దు. మొదటి ప్రపంచ యుద్ధం 1914 నుంచి 1918 దాకా జరిగింది. ఆ కాలంలో నాయుడు గారు తిరుప్పూరులో పత్తి గింజలు తీసే మిల్లు పెట్టి బాగా సంపాదించారు. ఇంకా సంపాదించాలని బొంబాయి పోయి పత్తి వ్యాపారంలో దిగారు. అక్కడి పెద్ద వ్యాపారుల ముందు నిలవలేకపోయారు. డబ్బు పోయింది. మన ఖమ్మం వైపు పత్తి రైతులకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కరలేదు, పత్తి ధర ఎట్లా ముంచుతుందో మన ఇండ్లల్లో తెలుసు.

కోయంబత్తూరు తిరిగి వచ్చారు. అక్కడ రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి ఉండేవారు. ఆయన సాయంతో నాయుడు గారు ఒక బస్సు తీసుకున్నారు. 1920లో పొల్లాచి నుంచి పళని దాకా ఆ బస్సు నడిపారు. తనే డ్రైవరు. పళనిలో కొండ మీద మురుగన్ గుడి ఉంది. మన భద్రాచలం రామయ్య దగ్గరికి శ్రీరామనవమికి జనం వచ్చినట్టు అక్కడికి జనం పోతుంటారు. ఆ దారిలో బస్సు అంటే ప్రయాణికులకి లోటు ఉండదు.

ఒక బస్సు కొన్ని బస్సులు అయింది. దాన్ని యు.ఎం.ఎస్. అనేవాళ్ళు. దక్షిణ దేశంలో మంచి పేరున్న బస్సు కంపెనీ అయింది. బస్సు ఆగిపోతే ఎందుకు ఆగిందో యజమానికే తెలుసు. ఎందుకంటే ఆ యజమాని ఇంజన్ని నేల మీద పరిచి నేర్చుకున్న మనిషి.

మోటారు చేసిన చేతులు

1937లో నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి కోయంబత్తూరులో పీలమేడు దగ్గర కరెంటు మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన మొదటి కరెంటు మోటారు అదే అని చెప్తారు. ఆ ఫ్యాక్టరీ పేరు నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్. అంతకు ముందు మోటార్లు బయటి దేశాల నుంచి రావాల్సిందే.

ఇది మనకి దూరం సంగతి కాదు. ఆ తర్వాత కోయంబత్తూరు చుట్టూ ఎన్నో మోటారు ఫ్యాక్టరీలు వచ్చాయి. దేశమంతా పొలాల్లో, బోర్లలో తిరిగే పంపు మోటార్లు చాలా వరకు అక్కడి నుంచే వస్తాయి. ఈసారి మీ ఊళ్ళో బోరు మోటారు బయటికి తీస్తే దాని మీద ఉన్న రేకు చదవండి. కోయంబత్తూరు అని రాసి ఉండొచ్చు.

ఇంకా ఆయన చేసినవి చాలా ఉన్నాయి. బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే మిషను చేశారు, దాని పేరు రాసంట్. చాలా పల్చటి షేవింగు బ్లేడ్లు చేశారు. పండ్ల రసం తీసే మిషను చేశారు. కరెంటు లేని ఇండ్ల కోసం కిరోసిన్ తో తిరిగే ఫ్యాను చేశారు. ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. అయినా ఓట్లలో మోసం జరగకుండా ఓటు నమోదు చేసే యంత్రం తయారు చేశారు. 1941లో అయిదు వాల్వుల రేడియోని 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు. ధర 2,000 రూపాయలు. కానీ ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు తయారీ ఆగిపోయింది. తెలివి ఉంటే చాలదు, అనుమతి కూడా కావాలి అని ఇక్కడ తెలుస్తుంది.

కెమెరా అన్నా ఆయనకి ఇష్టం. దేశాలు తిరిగి ఫోటోలు, ఫిల్ములు తీశారు. 1936లో లండన్ లో అయిదో జార్జి రాజు అంత్యక్రియలను ఫిల్ము తీశారు. పొలం కూడా వదల్లేదు. పత్తి, బొప్పాయి మీద ప్రయోగాలు చేశారు. నోబెల్ బహుమతి వచ్చిన సి.వి. రామన్ గారు నాయుడు గారిని ఎంతో మెచ్చుకున్నారు.

మూడో తరగతి మనిషి కాలేజీ పెట్టాడు

ఇది అందరూ గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి. బడి నుంచి పారిపోయిన ఆ పిల్లవాడే పెద్దయ్యాక కోయంబత్తూరులో ఇంజనీరింగు చదువు మొదలుపెట్టాడు. 1945లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద ఆ కాలేజీ వచ్చింది. దానికి ప్రిన్సిపాల్ గా కూడా నాయుడు గారు పనిచేశారు. చేత్తో పని చేస్తూ నేర్చుకుంటే నాలుగేండ్ల చదువు రెండేండ్లలో నేర్పొచ్చని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన ఆ పని వదిలేశారు. కాలేజీ మాత్రం ఆగలేదు. ఇప్పుడు దాన్ని గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అంటున్నారు. ఎంతో మంది ఇంజనీర్లు అక్కడ చదివి బయటికి వచ్చారు.

నాయుడు గారు 1974 జనవరి 4న చనిపోయారు. అప్పటికి ఆయనకి 80 ఏండ్లు. కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద ఆయన మ్యూజియం ఉంది. 2025 అక్టోబరులో అదే రోడ్డు మీద 10 కిలోమీటర్ల పొడవున్న ఫ్లైఓవరు తెరిచి దానికి ఆయన పేరు పెట్టారు.

మరి మనం బడి మానెయ్యాలా?

ఈ కథ చదివి కొందరు అనుకోవచ్చు, ఆయన మూడో తరగతితోనే ఇంత పెద్దవాడయ్యాడు కదా, మనకెందుకు ఈ పదో తరగతి అని. దీని గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. ఎందుకంటే మన హాస్టల్లో ప్రతి ఏడాది సంక్రాంతి తర్వాత కొన్ని మంచాలు ఖాళీ అవుతాయి. ఒకామె మిరపకాయ ఏరడానికి పోతుంది, మళ్ళీ రాదు. ఒకామెకి పెండ్లి అవుతుంది. వాళ్ళ ట్రంకు పెట్టె కొన్నాళ్ళు ఇక్కడే ఉంటుంది, తర్వాత ఎవరో వచ్చి తీసుకుపోతారు.

నాయుడు గారు బడి మానేశాడు గానీ నేర్చుకోవడం మానలేదు. పొలంలో కూడా పుస్తకం చదివాడు. హోటల్లో బల్లలు తుడిచింది కూడా నేర్చుకోవడానికే. ఇంకో సంగతి, ఆయన వెనక పొలం ఉంది. పట్నంలో ఓడిపోయినా తిరిగి పోవడానికి ఇల్లు ఉంది. ఆయన మగపిల్లవాడు కాబట్టి ఒక్కడే పట్నం పోయి, హోటల్లో పని చేసి, డబ్బు దాచుకోగలిగాడు. ఆ కాలంలో ఆ ఊరి ఆడపిల్ల అట్లా పోగలదా? ఈ రోజు మనలో ఎంత మంది పోగలం? మిరప చేనుకి పోయిన పిల్ల డబ్బు దాచుకొని మోటార్ సైకిల్ కొనదు. ఆ డబ్బు ఇంటి అప్పుకి పోతుంది. అందుకని మనకి ఈ బడే మన కోయంబత్తూరు. ఇక్కడి నుంచి పోతే ఇంకో దారి లేదు.

కానీ ఇంకో మాట కూడా రాయాలి. ఆయన జీవితంలో బడికి కూడా పాఠం ఉంది. పుస్తకంలో ఇంజన్ బొమ్మ ఉంటుంది. బొమ్మకి పేర్లు రాస్తాం, మార్కులు వస్తాయి. పిస్టన్ ఎంత బరువుంటుందో మాత్రం తెలియదు. మనలో కొందరికి లెక్కల్లో మార్కులు తక్కువ. కానీ వాళ్ళే బుట్ట అల్లుతారు, గొడ్డలికి కామ వేస్తారు, తాళం పట్టేస్తే తీస్తారు. వాళ్ళు మొద్దులు కాదు. నాయుడు గారిని కూడా పంతులు మొద్దు అనే అనుకొని ఉంటాడు. వాళ్ళ చేతుల్లో ఉన్న తెలివిని కాగితం మీదికి ఎట్లా తేవాలో వాళ్ళకి ఎవరైనా చూపించాలి.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి

బోరు మోటారు కాలిపోయిన రోజుల్లో మనం బకెట్లు పట్టుకొని వాగుకి పోతాం. మెకానిక్ వచ్చినప్పుడు ఆడపిల్లల్ని దగ్గరికి రానియ్యరు, లోపలికి పొమ్మంటారు. కరెంటుతో ప్రమాదం కాబట్టి పెద్దవాళ్ళ భయం నిజమే. మెయిను ఆపెయ్యకుండా ఎవరూ ముట్టుకోకూడదు. కానీ మెయిను ఆపి, మోటారు బయటికి తీసి నేల మీద పెట్టినాక, దూరంగా నిలబడి చూడనిస్తే చాలు. రాగి తీగ ఎక్కడ మాడిందో, బేరింగు ఎక్కడ అరిగిందో చూస్తే సైన్సు పాఠం రెండుసార్లు చదవక్కరలేదు. మేడమ్ గారు దయచేసి ఈసారి మమ్మల్ని చూడనివ్వాలి.

ఇక అక్కలకు, చెల్లెళ్ళకు. స్టోరు రూములో చెడిపోయిన సైకిలు ఒకటి, తిరగని కుట్టు మిషను ఒకటి ఉన్నాయి. పి.డి. సార్ ని అడిగాను, ఆదివారం విప్పుకోవచ్చు అన్నారు. రావాలనుకున్నవాళ్ళు 9వ తరగతి గదిలో పేరు రాయండి. పాత గుడ్డలు, ఒక అట్టముక్క, పెన్సిలు తెచ్చుకోండి. పానా నేను తెస్తాను. విప్పే ముందు బొమ్మ గీయాలి, బోల్టులన్నీ అట్టకి గుచ్చాలి. సాయంత్రం లోపల మళ్ళీ బిగించి స్టోరులో పెట్టాలి.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని,
బాలికల హాస్టల్.